ఇరవై అయిదో ఛానల్

కస్తూరక్క ఇంటికి తలుపుండాది, తలుపుకి గొళ్ళెం ఉండాది.
జాకెట్టు గుడ్డ తెచ్చినోళ్ళు గొళ్ళెం కొట్టి కొట్టి
వేరే టైలరును ఎతుక్కుంటా పోతారు.
లోపల మిషను తిరగతా ఉంటాది.
దాని చప్పుడు కూడా ఆమె పాదాలకే తెలుసు,
చెవులకి తెలీదు.

కొర్లగుంటలో, లాడ్జీల వెనక సందు.
గుమ్మం కాడ గుండీ నొక్కితే
మిషను మీది బల్బు మూడుసార్లు మిణకాల.
ఇంతే కదా, అన్నాల యాళకి అయిపోతాదనుకుంటి.

వైఫై బల్బే చాలనుకుంటి మొదట.
ఫోను తీసి గాలిని ఎతికితే నలభై మూడు పేర్లు:
లాడ్జీ రెండో అంతస్తు, లాడ్జీ మూడో అంతస్తు,
పూలంగడి, టిఫిను సెంటరు,
ఎవరో పెట్టుకున్న "ముట్టుకుంటే చూడు".
ఇంత తోపులాటలో
ఒక గుండీ మాట ఎవురు ఇంటారు?

జిగ్బీ రేడియో తెస్తి. ఆరొందలది, వేలెడంతది, తోక లేనిది.
బీరువా దాకా పొయ్యి అక్కడే నిలబడిపోయ.
దాన్ని వాపసు చేసి
యాంటెన్నా ఉండేది తెస్తి, పద్నాలుగొందలు.
తేడా డబ్బులు అక్కకి చెప్పలా.

ఆమె కత్తిరింపుల బల్ల మీద సుద్దముక్కతో రాసింది:
"ఎన్ని గజాలు పోతాది?"
గోడలుంటే చెప్పలేనని రాస్తి.
మెడలో టేపు తీసి తానే కొలిచింది,
హబ్బు పెట్టె నించి గుమ్మం దాకా.
పదకొండు గజాలు, ఒక బీరువా,
ఒక ఇటికె గోడ, ఒక ఇనప గేటు.
జాకెట్టు కొలతల మాదిరి
ఒకదాని కింద ఒకటి రాసిపెట్టింది.

పెట్టె వెనక నీలం రంగు సందులో గుచ్చితి రేడియోని.
గుండీ దొరికింది, పోయింది.
మళ్ళీ దొరికింది, పోయింది.
సాయంత్రం దాకా తిట్టుకుంటా ఉండి
ఆఖర్న తెలిసింది,
ఆ సందే రొద చేస్తాదంట, పక్కనున్న రేడియోకి.
గజం పొడుగు తీగె ఏసి దూరం జరిపితి,
గొడవపడే అన్నదమ్ములకి
వేరే పొయ్యి పెట్టించినట్టు.

"ఏం రొద?" అని సుద్దతో అడిగింది.
గాలి నిండా ఉండాదక్కా, లాడ్జీ వాళ్ళదంతా, రాస్తి.
"నీకు ఇనపడతాదా?"
లేదు.
"లాడ్జీ వాళ్ళకి?"
లేదక్కా, ఎవురికీ ఇనపడదు.
ఆమె నవ్విన నవ్వుకి
నోట్లో పట్టుకున్న గుండుసూది కింద పడింది.
ఇద్దరం వంగి ఎతికితిమి చానాసేపు.

పదకొండో ఛానల్ మీద ఉన్నింది అంతదాకా,
అందరూ నడిచే దారి.
ఇరవై ఆరైతే ఖాళీనే గానీ
అక్కడికి ఆ బల్బు రాదు.
ఇరవై అయిదుకి మారిస్తి.
మార్చంగానే బల్బూ గుండీ అన్నీ
నన్నెరగనట్టు ఊరుకున్నాయి.
మొదట్నించి ఒక్కొక్కదాన్నీ పిలవాల్సొచ్చింది:
నొక్కిపట్టు, అయిదు దాకా లెక్కపెట్టు, వదులు.
అక్క ఏళ్ళు మడస్తా నాతోబాటు లెక్కపెట్టింది.

గేటు బయటికి పొయ్యి నొక్కితి.
కిటికీలో పసుపు వెలుతురు,
ఒకటి, రెండు, మూడు.
లోపల్నించి ఆమె చెయ్యి పైకి లేచింది,
కత్తెరతో సహా.

నిన్న బాకీ డబ్బుల కోసం పోతి.
గుండీ నొక్కితి. బల్బు మిణికింది, కిటికీలో కనపడతానే ఉండాది.
ఆమె తలెత్తి బల్బుని చూసింది,
మళ్ళీ తల వంచుకుని
చంక కుట్టు ఆఖరి దాకా పూర్తి చేసి
దారం పళ్ళతో తెంపి
అప్పుడు లేచింది.

గుమ్మం కాడ ఎవురో ఉన్నారని తెలిసీ
కాసేపు ఉండనీ అనుకోడం
ఆమెకిదే మొదలేమో.
ఎండలో నిలబడే ఉంటి.
రెండోసారి నొక్కలా.